మీరు వేరన్నా!

మా ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం విప్పారుతుంది. "ఓ, రామప్ప గుడి ఊరా!" అంటారు. ఆ తర్వాత నా పేరు చెబుతాను. ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఒక్క క్షణాన్ని నేను యాభై ఏళ్ళుగా చూస్తున్నాను. అందులో ద్వేషం ఉండదు. చాలాసార్లు మర్యాదే ఉంటుంది. కానీ మా ఊరి పేరూ నా పేరూ వాళ్ళ తలలో పక్కపక్కన కూర్చోవు. రెంటినీ సర్దుకోవడానికి వాళ్ళకు ఆ క్షణం కావాలి.

మాది పాలంపేట. ఒకప్పటి వరంగల్ జిల్లా, 2019 నుంచి ములుగు జిల్లా. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, దాని పక్కన చెరువు. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపద అన్నది. మా గుడి గురించి వివరంగా పుస్తకం రాసిన మనిషి గులాం యజ్దానీ, నిజాం పురావస్తు శాఖ డైరెక్టరు. ఆ పుస్తకం 1922లో అచ్చయింది. ఆ శాఖ చేయించిన మరమ్మతుల్లో మా దాదా రాళ్ళు మోశాడని అబ్బా చెప్పేవాడు. పుస్తకం రాసినాయన పేరు ఎక్కడో ఓ చోట అచ్చయి ఉంది. రాళ్ళు మోసినాయన పేరు ఎక్కడా లేదు. ఆ గుడి మాది కూడా అనుకోవడానికి నాకైతే ఏ రుజువూ అక్కర్లేదు. అడిగేవాళ్ళకే కావాలి.

ఇప్పుడు చెప్పబోయేది గుడి సంగతి కాదు, బంతి సంగతి. కానీ ఆ బంతి తిరిగి తిరిగి మళ్ళీ మా ఊరి చెరువుకట్ట మీదికే వచ్చింది గనక ఊరి నుంచి మొదలుపెట్టాను.

అబ్బా 1950లలో కొన్నేళ్ళు హైదరాబాద్‌లో సైకిల్ షాపులో పనిచేశాడు. అక్కణ్ణుంచి తిరిగొచ్చేటప్పుడు డబ్బు తేలేదు. పేర్లు తెచ్చాడు. నూర్ మహమ్మద్, అజీజ్, లతీఫ్, జుల్ఫికర్, యూసుఫ్ ఖాన్, తంగరాజ్, బలరాం. రాత్రి అన్నాలయ్యాక గడంచెలో పడుకొని ఈ పేర్లను తస్బీ తిప్పినట్టు తిప్పేవాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం గెలిచింది. అప్పటికే రహీంసాబ్‌ను కాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయాడు.

జకార్తా కథలో ఒక ముక్క అబ్బాకు చాలా ఇష్టం. ఆనాడు స్టేడియం నిండా జనం మన జట్టుకు వ్యతిరేకంగా అరుస్తుంటే, మన తరఫున అరిచినవాళ్ళు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళట. "దేఖ్ బేటా" అనేవాడు అబ్బా. అంతకుమించి ఏమీ అనేవాడు కాదు.

నేను మాత్రం అబ్బా చెప్పిన ఆ కాలంలో పెరగలేదు. క్రికెట్ కాలంలో పెరిగాను. ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ ఉన్ననాడు చాయ్ హోటల్లో ఎక్కడ కూర్చోవాలో, ఏ వికెట్టుకు ఎంత గట్టిగా చప్పట్లు కొట్టాలో లెక్క చూసుకోవాల్సి వచ్చేది. గట్టిగా కొడితే నటిస్తున్నాడంటారు. మెల్లగా కొడితే దొరికిపోయాడంటారు. మనసులో ఇండియా గెలవాలని ఎంత కొట్టుకున్నా, అది బయటికి ఎట్లా కనబడుతోందో అన్న దిగులే పెద్దదయ్యేది. ఆట చూసేవాణ్ణి చూసే ఆట అది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చినప్పుడు ఈ అవస్థ నా ఒక్కడిది కాదని తెలిసింది. తెలిసినా అవస్థ తగ్గలేదు. నేను మెల్లగా క్రికెట్ చూడటం మానేశాను.

ఫుట్‌బాల్ నన్ను బతికించింది. 1986లో ములుగులో ఒకరింట్లో, అర్ధరాత్రి, నలుపు తెలుపు టీవీలో మారడోనాను చూశాను. ఆ రాత్రి నుంచి అర్జెంటీనా నా జట్టు. ఎక్కడి అర్జెంటీనా? ఆ దేశం పటంలో ఎక్కడుందో కూడా అప్పుడు నాకు సరిగ్గా తెలియదు. అయినా ఎవరూ "నువ్వు అర్జెంటీనా వాడివా?" అని అడగలేదు. అంత స్వేచ్ఛ నాకు మరే ఆటా ఇవ్వలేదు.

2019లో హైదరాబాద్‌కు ఐఎస్ఎల్ క్లబ్బు వచ్చింది. అబ్బా అప్పటికి లేడు. ఆ పసుపు జెర్సీ చూడగానే ఆయన పేర్లన్నీ తిరిగొచ్చినట్టయింది. ఎవరో తెలిసినాయన నన్ను అభిమానుల ఫోను గ్రూపులో చేర్చాడు. అక్కడ ఎవరికీ సొంత పేరు లేదు. ఒకాయన 'బొల్లారం'. ఒకరు 'గోలీ'. ఇంకొకడు 'బార్సా'. మెస్సీ అంటే ప్రాణం పెట్టే కుర్రాడు 'పదో నంబర్'. నేను 'పాలంపేట'.

మొదటి ఏడాది మా జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. ఓడిపోయే జట్టును ప్రేమించేవాళ్ళ మధ్య తొందరగా చుట్టరికం కలుస్తుంది. తర్వాత కరోనా వచ్చింది. రెండు సీజన్లు మ్యాచ్‌లన్నీ గోవాలోనే పెట్టారు. స్టేడియానికి పోయేది లేదు, ఒకరి మొహం ఒకరం చూసేది లేదు. అయినా ఎవరింట్లో ఎవరికి ఆక్సిజన్ కావాలో, ఎవరి బిడ్డకు పరీక్షలో మాకు తెలుసు. పొద్దున్నే నన్ను అడిగేవాళ్ళు: "పాలంపేటన్నా, రామప్ప దేవుని ఫోటో పెట్టు, ఇయ్యాల మ్యాచున్నది." నేను పెట్టేవాణ్ణి. దండాల బొమ్మలు వచ్చేవి.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. వాళ్ళు నన్ను ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. నేను దిద్దలేదు. మొదట్లో అవసరం రాలేదు. తర్వాత బాగుంది గనక ఊరుకున్నాను. ఆ ఒక్క క్షణం ఆగడం లేకుండా మనుషులు నాతో మాట్లాడటం బతుకులో అదే మొదటిసారి. పండుగకు శుభాకాంక్షలు పెడితే తిరిగి పెట్టేవాణ్ణి. రంజాన్ నెలలో సహరీకి లేచి, అందరూ పడుకున్న వేళ పాత మ్యాచ్ ముచ్చట రాస్తే "అన్నా, నిద్ర పోవా?" అని అడిగేవాళ్ళు. "నిద్ర పడ్తలేదు" అనేవాణ్ణి. అబద్ధం చిన్నదే. కానీ మూడేళ్ళు మోశాను. ఊరి పేరు కప్పుకొని నా పేరు దాచుకున్నాను. నన్ను ఎవరూ దాక్కొమ్మనలేదు. అయినా దాక్కున్నానంటే, దాక్కోవడం నాకు ఎంత అలవాటైపోయిందో చూడండి!

2022 మార్చి 20న మా హైదరాబాద్ గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమని ఒక్కొక్క పెనాల్టీ ఆపుతుంటే నేను ఇంట్లో కుర్చీ ఎక్కి అరిచాను. బడిలో పిల్లలు దీపావళికి మిగుల్చుకున్న పటాకులు అడిగి తెచ్చి వాకిట్లో కాల్చాను. గ్రూపులో అందరం ఏడ్చాం. అబ్బా ఉంటే ఏమనేవాడో రాయాలనిపించింది. 'అబ్బా' అని రాస్తే తెలిసిపోతుందని 'మా నాయిన' అని రాశాను. కప్పు గెలిచిన రాత్రి కూడా నేను మా అబ్బాను అబ్బా అనలేకపోయాను.

ఆ డిసెంబర్‌లో కతార్‌లో ప్రపంచ కప్పు. మొరాకో స్పెయిన్‌ను ఓడించింది. డిసెంబర్ 10న పోర్చుగల్‌ను 1-0తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆఫ్రికా నుంచి అంత దూరం వెళ్ళిన మొదటి జట్టు అదే. మ్యాచ్ అయ్యాక బూఫాల్ అనే ఆటగాడు మైదానంలోకి తల్లిని తీసుకొచ్చి ఆమెతో కలిసి చిందులేశాడు. తలకు గుడ్డ కట్టుకున్న ఆ తల్లి అచ్చం మా అమ్మీలా ఉంది. మా అమ్మీ నవ్వితే అట్లాగే నవ్వేది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

అప్పుడే గ్రూపులో పదో నంబర్ రాశాడు: "ఇయ్యాల ఓల్డ్ సిటీల పటాకులు కాలుస్తరు సూడుండ్రి. ఇండియా గెల్చిననాడు గూడ వాళ్ళకంత సంబరముండది." కింద నలుగురు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు.

పదో నంబర్ చెడ్డవాడు కాదు. కరోనాలో నాకు మందు బిళ్ళలు దొరక్కపోతే హన్మకొండ అంతా తిరిగి కొని, బస్సులో వేయించినవాడు వాడే. అందుకే ఆ మాట లోతుగా దిగింది. పరాయివాడు అంటే దులుపుకోవచ్చు. మందు పంపిన చెయ్యే రాస్తే ఎట్లా దులుపుకోను?

గంటసేపు ఫోను పక్కన పెట్టాను. ఆ గంటలో నన్ను నేను అడిగాను: మొరాకో గెలిస్తే నాకెందుకింత సంబరం? ఆటగాడు గోలు కొట్టి సజ్దా చేస్తే నా నుదురు చల్లబడటం నిజం. కాదనను. ఆ తల్లిలో అమ్మీ కనబడటం నిజం. మరి అదే ప్రపంచ కప్పు కోసం కేరళలో పుల్లావూర్ దగ్గర వాగులో మెస్సీ, నెయ్‌మార్, రొనాల్డోల నిలువెత్తు బొమ్మలు పాతారు గదా! కలకత్తాలో బ్రెజిల్ ఓడితే అన్నం మానేసే ఇళ్ళున్నాయి గదా! వాళ్ళ దేశభక్తిని ఎవరైనా తూకం వేశారా? పదో నంబర్ మెస్సీ కోసం ఏడిస్తే అది ఆట మీద ప్రేమ. నేను మొరాకో కోసం ఏడిస్తే అది దేశం మీద అనుమానం. ముప్పై ఆరేళ్ళు అర్జెంటీనాను ప్రేమిస్తే ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క రాత్రి మొరాకోను ప్రేమిస్తే నేను దొరికిపోయాను. నేను క్రికెట్ నుంచి పారిపోయి వచ్చింది ఎక్కడికి? ఇక్కడికేనా?

గంట తర్వాత రాశాను: "నాది ఓల్డ్ సిటీ కాదు, పాలంపేట. నా పేరు ఫలానా." ఫలానా అని రాయలేదు లెండి, పేరే రాశాను. ఈ వ్యాసం మీద ఎట్లాగూ ఉంటుంది. "నేనుగూడ ఇయ్యాల మస్తు సంబరపడ్డ. ఇంట్ల పటాకులుంటే కాల్చేటోణ్ణే. మార్చిల మన హైదరాబాద్ గెల్చిననాడు కాల్చిన, అవి అయిపోయినయ్."

తర్వాత గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. అదే క్షణం. నాకు చిరపరిచితమైన క్షణమే. కాకపోతే ఈసారి అది రాత్రంతా సాగింది. తెల్లారేసరికి ఇద్దరు గ్రూపు నుంచి వెళ్ళిపోయారు. పదో నంబర్ నాకు విడిగా రాశాడు: "అన్నా, సారీ. మిమ్మల్ని అన్లేదు. మీరు వేరన్నా!"

మీరు వేరన్నా! ఈ మాట నా బతుకులో ఎన్నిసార్లు విన్నానో! బడిలో తోటి పంతుళ్ళు అన్నారు. ఇల్లు కిరాయికిచ్చిన పెద్దమనిషి అన్నాడు. ప్రేమగానే అంటారు. నన్ను దగ్గరికి తీసుకోవడానికే అంటారు. కానీ ఆ మాట నన్ను మా అమ్మీ నుంచి, మా అబ్బా నుంచి, ఓల్డ్ సిటీలో నేనెన్నడూ చూడని లక్షల మంది నుంచి విడదీసి మరీ దగ్గరికి తీసుకుంటుంది. ఒక్క మనిషికి మినహాయింపు ఇచ్చి, మిగతా అందరి మీదా తీర్పు అట్లాగే ఉంచుతుంది. తిట్టు నుంచి తప్పించుకోవచ్చు. ఇట్లాంటి మెప్పు నుంచి ఎట్లా తప్పించుకుంటాం?

నేను జవాబు రాయలేదు.

మూడో రోజు బొల్లారం ఫోన్ చేశాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటినవాడు. మేం గొంతులు వినడం అదే మొదలు. "తమ్మీ, నేను పోరగాణ్ణయి ఉన్నప్పుడు సిటీ పోలీస్ ఆట సూడనీకి కంచె దూకి పోయేటోణ్ణి. నూర్ ఏందో, బలరాం ఏందో, తంగరాజ్ ఏందో మాకు దెల్వది. మాకు బంతి ఎటు పోతదో అదే దెల్సు" అన్నాడు. కొంచెం ఆగి, "అట్లని ఆ జమాన సంగతి జెప్పి నిన్ను ఊకోవెట్టను. మూడేండ్లు నీతోని ముచ్చట వెట్టి నీ పేరు అడగకపోవుడు మా తప్పు. నువ్వు జెప్పకపోవుడు నీ తప్పు. ఇగ అందరం పేర్లు జెప్పుకుందాం" అన్నాడు.

ఆ రోజు గ్రూపులో బొల్లారం ఒక నియమం పెట్టాడు. ప్రతి ఒక్కరూ పేరు, ఊరు, మొదటిసారి చూసిన ఆట, ఆ ఆటకు ఎవరు తీసుకుపోయారో రాయాలి. అప్పుడు తెలిసింది, దాక్కున్నది నేనొక్కణ్ణే కాదని. మూడేళ్ళుగా మేమంతా 'అన్నా' అని పిలుస్తున్న 'గోలీ' కరీంనగర్‌లో నర్సు. "ఆడమనిషినని తెలిస్తే ఆట ముచ్చట ఆపి అన్నం తిన్నవా అని అడుగుతరు. అందుకే చెప్పలే" అని రాసింది. 'బార్సా'ది ఖమ్మం వైపు. "నేను ఎప్పుడూ మండలం పేరే చెప్త. ఊరి పేరు చెప్తే తర్వాత ఏ వాడ అని అడుగుతరు. మాది మాదిగవాడ" అని రాశాడు. ఆ రాత్రి నాకు బార్సా ఎంత దగ్గరివాడయ్యాడో చెప్పలేను. నేను దాచింది పేరు, అతను దాచింది వాడ. ఇద్దరం భయపడింది ఆ ఒక్క క్షణానికే.

నేను కూడా రాశాను. మొదటి ఆట నేను కళ్ళతో చూడలేదని, గడంచెలో పడుకొని విన్నానని. తీసుకుపోయింది అబ్బా అని. ఈసారి అబ్బా అనే రాశాను.

2023 ఫిబ్రవరిలో బలరాం పోయారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, మెల్‌బోర్న్‌లో, జకార్తాలో ఆడిన మనిషి. ఆ వార్త మీద మాట్లాడుకుంటూ ఉండగానే అందరూ కలుద్దామనుకున్నారు. ఎక్కడ? "పాలంపేటల" అన్నాడు బొల్లారం. ఎండలు ముదరకముందే తొమ్మిది మంది వచ్చారు. పదో నంబర్ కూడా వచ్చాడు. హన్మకొండ నుంచి బండి మీద.

మా ఆవిడ కోడికూర ఒక పొయ్యి మీద, పప్పు, వంకాయ ఇంకో పొయ్యి మీద, వేరు గిన్నెల్లో వండింది. చుట్టాలొస్తే మా ఇళ్ళల్లో ఎప్పుడూ అంతే; ఎవరూ అడగకముందే మేం జాగ్రత్త పడతాం. గోలీ ఆ గిన్నెలు చూసి, ఎందుకో అడిగి తెలుసుకొని, చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం గుడి చూపించాను. నల్లరాతి మదనికల్ని చూపించాను. యజ్దానీ సంగతి, మా దాదా రాళ్ళ సంగతి చెప్పాను. బయటికొచ్చాక పదో నంబర్ వెనకబడి నాతో నడిచాడు. "అన్నా, మీరని తెల్వక రాసిన" అన్నాడు.

"నేనని తెలిస్తే రాయకపోదువు. అదే తమ్మీ నా బాధ" అన్నాను. "నేను లేని గ్రూపుల ఏం రాస్తవు? ఓల్డ్ సిటీల నీకు మందు పంపేటోడు, నువ్వు మందు పంపేటోడు ఎవ్వడు లేడు. వాళ్ళ గురించి ఏమంటవు?"

వాడు ఏమీ అనలేదు. నేనూ పొడిగించలేదు. సిగ్గుపడ్డవాణ్ణి ఇంకా వంచితే విరుగుతాడు. పంతుల్ని గదా, ఆ సంగతి నాకు తెలుసు.

చెరువుకట్ట కింద ఖాళీ జాగాలో మా బడి పిల్లలు ఆడుతున్నారు. వాళ్ళకు నేను రహీంసాబ్ ఆట ఒకటి నేర్పాను. ఆయన హైదరాబాద్‌లో బలహీనమైన కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి పోటీలు జరిపేవాడు. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఆడాం. పదో నంబర్ మంచి ఆటగాడు, కానీ ఎడమకాలితో బంతి వాడి మాట వినలేదు. రెండుసార్లు పడ్డాడు. పిల్లలు ఒకటే నవ్వు. బొల్లారం కట్ట మీద కూర్చొని ఈల వేస్తూనే ఉన్నాడు.

ఆ ఏడాది ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ హైదరాబాద్‌లో పోయారు. 1977లో కలకత్తాలో పీలే ఉన్న కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన మనిషి. ఆయన పోయిన కొన్నాళ్ళకు బొల్లారం నాకు ఒక సంగతి చెప్పాడు. గచ్చిబౌలి స్టేడియంలో మ్యాచ్ చూస్తుంటే పక్కన ఎవడో ఏదో కూశాడట. పదో నంబర్ లేచి, "మా ముంగట గట్ల మాట్లాడకు" అన్నాడట. మాటా మాటా పెరిగితే అందరూ కలిసి విడదీశారట. ఈ ముచ్చట వాడు నాకు చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత నమ్మేవాణ్ణి కాదేమో.

2025లో మా క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. ఇప్పుడు మాకు జట్టు లేదు. గ్రూపు మాత్రం ఉంది. గెలిచే జట్టు లేదు, ఓడే జట్టు కూడా లేదు. అయినా పొద్దున్నే ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తారు. వెళ్ళిపోయిన ఆ ఇద్దరూ మళ్ళీ రాలేదు. వాళ్ళ పేర్లు నాకు ఎప్పటికీ తెలియవు. అప్పుడప్పుడు గుర్తొస్తారు.

రంజాన్‌లో సహరీ వేళ గ్రూపులో ఏదైనా రాస్తే ఇప్పుడు ఎవరూ నిద్ర పడ్తలేదా అని అడగరు. కరీంనగర్‌లో నైట్ డ్యూటీలో ఉన్న గోలీ, "తిన్నరా అన్నా?" అని అడుగుతుంది. ఆటగాణ్ణి అన్నం సంగతి అడగడం తనకు నచ్చదు గదా అని నేను ఏడిపిస్తాను.

ఫోనులో నా పేరు మార్చాను. ముందు అబ్బా పెట్టిన పేరు, దాని పక్కనే పాలంపేట.